చరిత్ర ప్లాన్ ఎక్కడ ఆగిపోతోంది? ఇంటి చదువులో సమస్యలు - పరిష్కారాలు

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పేవాళ్లకు లెక్కల్లో ఒక వరస దొరుకుతుంది. కూడికలయ్యాక తీసివేతలు, ఆ తర్వాత ఎక్కాలు. చరిత్రకు అలాంటి వరస లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో అన్నీ మనమే తేల్చుకోవాలి. మా ఇద్దరు పిల్లలతో ఈ పని మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. ఈ ఎనిమిదేళ్లలో మా ప్లాన్ చాలాసార్లు ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి చూస్తే దాదాపు ఒకటే కారణం కనిపించింది: మా దగ్గర అంశాల జాబితా ఉంది కానీ, ఆ అంశంలో పిల్లలు దేన్ని వెతుకుతున్నారో చెప్పే ప్రశ్న లేదు. కింద రాసిన చాలా పరిష్కారాలు ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే.

మీ ఇంట్లో కనిపిస్తున్న లక్షణం ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. అన్నీ ఒకేసారి మార్చాలని చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

లక్షణం: నాలుగో వారానికే ప్లాన్ వెనకబడింది

కారణం: పుస్తకంలో ఎన్ని అధ్యాయాలున్నాయో చూసి వాటిని వారాలకు సమంగా పంచారు. 36 వారాలు, 36 అధ్యాయాలు. జ్వరం, ప్రయాణం, ఇంటికొచ్చిన చుట్టాలు, ఒక్క బొమ్మ దగ్గరే మూడు రోజులు ఆగిపోయే పిల్లవాడు, వీటిలో దేనికీ ఆ లెక్కలో చోటు లేదు.

పరిష్కారం: ఐదు వారాలు పని, ఆరో వారం ఖాళీ. 36 వారాల ఏడాదిలో అలాంటి విడతలు ఆరు వస్తాయి. అంటే పని వారాలు 30, ఖాళీ వారాలు 6. ఒక్కో విడత ఒక్కో యూనిట్, అంటే ఒకే అంశం చుట్టూ నడిచే పాఠాల గుంపు. మిగిలిపోయిన పని ఆరో వారంలో పూర్తవుతుంది. ఏమీ మిగలకపోతే పిల్లలు తమకు నచ్చింది చదువుకుంటారు. ఏడాదికి ఆరు యూనిట్లేనా అని మొదట నాకూ భయం వేసింది. కానీ హడావుడిగా చెప్పిన 36 అధ్యాయాలకంటే నిదానంగా నడిచిన ఆరు యూనిట్లే మా పిల్లలకు ఎక్కువ గుర్తున్నాయి.

ఖాళీ వారాన్ని ముందే క్యాలెండర్‌లో గుర్తుపెట్టండి. వీలైనప్పుడు తీసుకుందాం అనుకుంటే అది ఎప్పటికీ రాదు.

లక్షణం: కథలన్నీ తెలుసు, ఏది ముందో ఏది తర్వాతో తెలియదు

మా అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, పిరమిడ్ కట్టించింది ఈజిప్టు రాణి క్లియోపాత్రా అని గట్టిగా నమ్మేది. తనకు రెండు కథలూ తెలుసు. రెండూ ఈజిప్టువే. మధ్యలో ఎంత కాలం గడిచిందో చూపించేది ఏదీ ఇంట్లో లేదు.

కారణం: సంవత్సరాలు పిల్లలకు అంకెలుగానే వినిపిస్తాయి, దూరాలుగా కనిపించవు. పైగా క్రీస్తు పూర్వపు లెక్క వెనక్కి నడుస్తుంది. 2500 అన్నది 500 కంటే ముందు ఎలా అవుతుందో ఎనిమిదేళ్ల పిల్లలకు ఒక్కసారి చెబితే అర్థం కాదు.

పరిష్కారం: గోడకు కాగితపు పట్టీ. పదేళ్లకు ఒక సెంటీమీటరు లెక్క పెట్టుకోండి. వందేళ్లకు 10 సెంటీమీటర్లు, వెయ్యేళ్లకు ఒక మీటరు. క్రీ.పూ. 3000 నుంచి ఇప్పటిదాకా సుమారు 5 మీటర్ల పట్టీ సరిపోతుంది. ఒక గోడ చాలకపోతే మూల తిప్పి పక్క గోడకు కొనసాగించండి. మడిచి పుస్తకంలో మాత్రం పెట్టకండి. పిల్లలు దాని పక్కన నడవాలి.

ఇప్పుడు గీజాలోని పెద్ద పిరమిడ్‌ను సుమారు క్రీ.పూ. 2560 దగ్గర గుర్తుపెట్టండి. క్లియోపాత్రా చనిపోయింది క్రీ.పూ. 30లో. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టింది 1969లో. టేపుతో కొలవమనండి. పిరమిడ్ నుంచి క్లియోపాత్రాకు 253 సెంటీమీటర్లు. క్లియోపాత్రా నుంచి చంద్రుడి దాకా దాదాపు 200. ఆమె మనకే దగ్గర! మా అమ్మాయి ఇది నమ్మలేక మూడుసార్లు కొలిచింది. ఆ రోజు తర్వాత ఆ తప్పు మళ్లీ రాలేదు.

అలాగే మొహెంజొదారోను సుమారు క్రీ.పూ. 2500 దగ్గర పెడితే పిరమిడ్‌కు ఆరు సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. అక్కడ ఇటుకలతో మురుగు కాలువలు కట్టేనాటికి ఈజిప్టులో పిరమిడ్ కొత్తగా లేచి నిలబడి ఉంది. చివరి మామత్‌లు (ఒళ్లంతా బొచ్చుండే పాతకాలపు ఏనుగులు) ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ల క్రితం దాకా బతికాయి. ఆ గుర్తు పిరమిడ్ తర్వాత పడటం చూస్తే పెద్దవాళ్లు కూడా ఆగిపోతారు.

ఒక చిన్న జాగ్రత్త: క్రీ.పూ. 1 తర్వాతి ఏడాదే క్రీ.శ. 1. సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. నుంచి క్రీ.శ.కు దూరం లెక్కవేసేటప్పుడు రెండు అంకెలూ కూడి ఒకటి తీసేయాలి. అందుకే క్లియోపాత్రా నుంచి చంద్రుడి దాకా సరిగ్గా 1998 ఏళ్లు.

పట్టీ మీద ప్రతి వారం ఒకటో రెండో గుర్తులు చాలు. ఆ గుర్తు మీరు పెట్టకూడదు, పిల్లలే కొలిచి పెట్టాలి.

లక్షణం: యూనిట్ అయిపోయింది, అట్టబొమ్మలు మిగిలాయి, చరిత్ర మిగల్లేదు

ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగేది కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

కారణం: యూనిట్‌ను ఒక పదం చుట్టూ అల్లారు. "ఈజిప్టు" అనుకున్నాం కాబట్టి పిరమిడ్ బొమ్మ, పిరమిడ్ లెక్కలు, పిరమిడ్ మీద పాట. అన్నింటిలోనూ ఆ పదం ఉంది. కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి లేదు. బొమ్మ చేయడం తప్పు కాదు. ఆ బొమ్మ చేస్తే ఏ ప్రశ్నకు జవాబు దొరుకుతుందో తెలియకపోవడమే ఇబ్బంది.

పరిష్కారం: యూనిట్ పేరును ప్రశ్నగా మార్చండి. మేము చేసిన ఒక ఐదు వారాల యూనిట్‌నే చెబుతాను. మొదట నోట్‌బుక్‌లో "కాగితం" అని రాసుకున్నాను. తర్వాత దాన్ని కొట్టేసి "పుస్తకం అందరి చేతికీ ఎలా వచ్చింది?" అని రాశాను. ఆ మార్పుతో ఏం చేయాలో, ఏం వదిలేయాలో వెంటనే తేలిపోయింది.

మొదటి వారం, కాగితం లేనప్పుడు దేని మీద రాసేవాళ్లు? మట్టిపలకలు, పపైరస్ (ఒక రకం రెల్లుతో చేసిన రేకు), తాటాకు, జంతు చర్మం. పిల్లలు తడి మట్టి మీద పుల్లతో రాసి, అదే వాక్యాన్ని ఎండుటాకు మీద గీరి చూశారు. ఏది బరువు, ఏది చిరిగిపోతుంది, ఏది తడిస్తే పాడవుతుంది అని తామే పట్టిక వేశారు. రెండో వారం చైనా. క్రీ.శ. 105లో త్సాయ్ లున్ అనే అధికారి కాగితం తయారీ పద్ధతిని హాన్ చక్రవర్తికి వివరించాడని చైనా చరిత్రలో రాసి ఉంది. అంతకంటే పాత కాగితపు ముక్కలు కూడా తవ్వకాల్లో దొరికాయి. అయితే కాగితం కనిపెట్టింది ఎవరు? ఆ చర్చ ఒక సాయంత్రమంతా నడిచింది. పాత కాగితాలు నానబెట్టి, గుజ్జు చేసి, జల్లెడ మీద ఆరబెట్టడం ఆ వారం పని. సైన్సు అందులోనే ఉంది. నారలు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయో వేళ్లకే తెలుస్తుంది.

మూడో వారం పటం. కాగితం చైనా నుంచి మధ్య ఆసియాలోని సమర్‌కంద్, బాగ్దాద్‌ల మీదుగా ఐరోపాకు చేరిన దారి గీశారు. నాలుగో వారం అచ్చు. చైనాలో బి షెంగ్ 11వ శతాబ్దంలోనే కాల్చిన మట్టితో విడి అక్షరాలు చేశాడు. కొరియాలో 1377లో లోహపు అక్షరాలతో అచ్చువేసిన పుస్తకం ఇప్పటికీ ఉంది. గూటెన్‌బర్గ్ జర్మనీలోని మైన్జ్ నగరంలో తన బైబిల్‌ను అచ్చువేసింది 1450ల మధ్యలో, సుమారు 180 ప్రతులు. మరి ఐరోపాలో అచ్చు అంత వేగంగా ఎందుకు పాకింది? ఒక కారణం లిపి. చైనా లిపికి వేలకొద్దీ గుర్తులు కావాలి, లాటిన్ లిపికి కొన్ని పదులు చాలు. మన తెలుగుకు ఎన్ని లోహపు అక్షరాలు పోయాల్సి ఉంటుందో లెక్కపెట్టమన్నాను. అచ్చులు, హల్లులతో మొదలుపెట్టి గుణింతాల దగ్గరకొచ్చేసరికి కళ్లు పెద్దవి చేశారు. ఇంక ఒత్తుల దగ్గర పేజీ చాల్లేదు. రబ్బరు ముక్క మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలని చిన్నవాడు తప్పు చేసి తెలుసుకున్నాడు.

ఐదో వారం ఒక పెద్ద కాగితాన్ని ఒకసారి మడిస్తే నాలుగు పేజీలు, రెండుసార్లకు ఎనిమిది, మూడుసార్లకు పదహారు. అలా మడిచి, కుట్టి తామే ఒక పుస్తకం చేశారు. అందులో రాసింది ఆ ఐదు వారాల కథే.

చూశారా, సైన్సు, లెక్కలు, భూగోళం అన్నీ వచ్చాయి కానీ దేన్నీ బలవంతంగా తీసుకురాలేదు. ప్రతి యూనిట్‌లో ప్రతి సబ్జెక్టూ ఉండాలన్న నియమం పెట్టుకోకండి. రోజువారీ లెక్కల పాఠం విడిగానే నడవనివ్వండి. యూనిట్ కోసం దాన్ని ఆపితే తర్వాత అందుకోవడం కష్టం.

ఏ పని పెట్టాలో సందేహం వస్తే ఇలా అడిగి చూడండి: ఇది చేశాక పిల్లలకు మన ప్రశ్న గురించి ముందు తెలియనిది ఏదైనా తెలుస్తుందా? లేదంటే దాన్ని పక్కన పెట్టండి, ఎంత అందంగా ఉన్నా సరే.

లక్షణం: పెద్దదానికి విసుగు, చిన్నవాడికి అర్థం కాదు

కారణం: ఇద్దరికీ ఒకే పని ఇచ్చారు, లేదా ఇద్దరికీ రెండు వేర్వేరు కాలాలు చెబుతూ మీరు అలసిపోయారు.

పరిష్కారం: కాలం ఒకటే, చదివి వినిపించే కథ ఒకటే. తిరిగి ఇచ్చేది మాత్రం వయసును బట్టి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఇటలీలోని పాంపే నగరం బూడిద కింద పూడిపోయిన సంగతే తీసుకోండి. ఏడేళ్లవాడు బొమ్మ గీసి నోటితో చెబుతాడు. పదేళ్ల పిల్ల ఉంటే పటం గీసి ఒక పేరా రాస్తుంది. పదమూడేళ్ల అమ్మాయికి ఒక చిక్కుముడి ఇవ్వండి. ఆ పేలుడును 17 ఏళ్ల వయసులో చూసిన రోమన్ రచయిత ప్లినీ, ఇరవై ఏళ్లకు పైగా గడిచాక చరిత్రకారుడు టాసిటస్‌కు ఉత్తరాల్లో రాశాడు. ఆ ఉత్తరాల రాతప్రతుల ఆధారంగా ఆగస్టు 24 అనే తేదీ స్థిరపడింది. 2018లో పాంపే గోడ మీద బొగ్గుతో రాసిన ఒక రాత బయటపడింది. అందులో ఉన్నది అక్టోబర్ 17కు సరిపోయే తేదీ. కానీ సంవత్సరం లేదు. బొగ్గు రాత ఎక్కువ కాలం నిలవదు కాబట్టి అది ఆ ఏడాదిదే అయి ఉండాలని, అంటే పేలుడు ఆ తేదీ తర్వాతే జరిగి ఉండాలని కొందరి వాదన. నువ్వు దేన్ని నమ్ముతావు, ఎందుకు? ఈ ప్రశ్నకు మా అమ్మాయి రాసిన రెండు పేజీలు నేను దాచుకున్నాను.

లక్షణం: వారం తిరిగేసరికి అంతా మర్చిపోయారు

కారణం: మనం చెప్పాం, వాళ్లు విన్నారు. చివర్లో "అర్థమైందా?" అని అడిగితే "ఊ" అన్నారు.

పరిష్కారం: చదవడం పూర్తికాగానే పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అనండి. బ్రిటన్‌కు చెందిన విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842-1923) ఈ పద్ధతికే పెద్దపీట వేశారు: ఒక్కసారే చదవాలి, పిల్లలు సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. మధ్యలో సరిదిద్దకండి. తప్పు చెబితే, అంతా అయ్యాక ఆ పేజీ మళ్లీ కలిసి చూడండి. మొదట్లో రెండు వాక్యాల కంటే రావు. అందుకే చదివేది కూడా చిన్నదిగా ఉండాలి. ఒక పేజీ చాలు. మళ్లీ మర్నాడు, వారానికి, నెలకు ఒకసారి పట్టీ మీద గుర్తు చూపించి అదే అడగండి.

లక్షణం: ఏటా ప్రాచీన కాలంతోనే సరిపోతోంది

ఏటా మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటే ఇంతే. నాలుగేళ్ల చక్రం వేసుకోండి: మొదటి ఏడు క్రీ.శ. 400 దాకా, రెండోది 1600 దాకా, మూడోది 1850 దాకా, నాలుగోది ఇప్పటి దాకా. మిగిలిపోయినవి మిగలనివ్వండి. నాలుగేళ్ల తర్వాత అదే కాలానికి పెద్ద పిల్లలుగా తిరిగి వస్తారు.

లక్షణం: యుద్ధాలు, బానిసత్వం విన్నాక చిన్నపిల్లలు భయపడుతున్నారు

మీరు ముందుగా చదవకుండా నేరుగా వినిపించారు. తప్పనిసరిగా ఒక అధ్యాయం ముందు ఉండండి. అబద్ధం చెప్పవద్దు, జరగనట్టు దాటేయవద్దు. చిన్నవాళ్లకు ఒక మనిషి కథగా చెప్పండి: ఏం పోగొట్టుకున్నాడు, ఎవరు సాయం చేశారు, ఎలా ఎదిరించాడు. గాయాల వివరాలు, అంకెలు పెద్దవాళ్లయ్యాక వస్తాయి. నిద్రకు ముందు ఈ పాఠాలు వద్దు. పగటిపూట చెబితే మళ్లీ అడగడానికి వాళ్లకు టైమ్ ఉంటుంది.

లక్షణం: ప్రతి ఆదివారం రాత్రంతా ప్రిపరేషన్‌కే పోతోంది

వర్క్‌షీట్లు వెతకడం ఆపేయండి. ఒక యూనిట్‌కు ఒక ప్రధాన పుస్తకం, రెండు మూడు కథలు, ఒక పటం, చేతితో చేసే పని ఒకటి. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట. ఇంతకు మించి పెట్టిన యూనిట్ ఏదీ మా ఇంట్లో సజావుగా నడవలేదు.

లక్షణం: యూనిట్ ఎప్పటికీ ముగియడం లేదు

పిల్లలకు ఇష్టమైన యూనిట్‌కే ఇది ఎక్కువగా జరుగుతుంది. అందుకే ఆపడానికి మనసొప్పదు. ముగింపు తేదీ మొదటి రోజే రాసుకోండి. ఆ రోజు ఈ విషయం తెలియని ఒకరిని, తాతయ్యనో పక్కింటి పిల్లనో, కూర్చోబెట్టి పిల్లలతో కథంతా చెప్పించండి. వినేవాళ్లు అడిగే ప్రశ్నలకు వాళ్లే జవాబు చెప్పాలి. తెలియనివి చీటీల మీద రాసి ఒక కవరులో వేయండి. తర్వాతి యూనిట్‌కు ప్రశ్న దొరకనప్పుడు ముందు ఆ కవరు తెరవండి. "కాగితం రాకముందు లెక్కలు ఎలా చేసేవాళ్లు?" అన్న చీటీ మాకు ఇంకో ఐదు వారాలు ఇచ్చింది.