ఇంట్లో కారుణ్య క్రియలు – 3వ పాఠం: రోగిని పరామర్శించడం

కారుణ్య క్రియలంటే కష్టంలో ఉన్నవారి కోసం క్రైస్తవులు చేసే దయగల పనులు. మొదటి రెండు పాఠాల్లో ఆకలిగొన్నవారికి భోజనం పెట్టడం, దప్పిగొన్నవారి దాహం తీర్చడం చూశాం. ఆ రెండింటిలో పిల్లల చేతిలో ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇచ్చేస్తే పని అయిపోతుంది. రోగి దగ్గర అలా కుదరదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఎటు చూడాలో, ఏం మాట్లాడాలో తెలియక పిల్లలు అమ్మ వెనక్కి నక్కుతారు. పెద్దవాళ్లేమో "పలకరించు, పలకరించు" అంటూ ముందుకు తోస్తారు. రోగిని చూడాలంటే పిల్లలకు భయం పుట్టేది చాలావరకు ఈ తోపుడు వల్లే.

మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఎవరెవరికి సాయం చేయాలో ప్రభువైన యేసు చెప్పిన వరుసలో రోగి ఐదో చోట వస్తాడు. ఇక్కడ ముందుకు తెచ్చాం, ఎందుకంటే సాధనకు దీనికున్నంత అవకాశం మిగతావాటికి లేదు. ఏదో ఒక వారం ఇంట్లోనో చుట్టుపక్కలో ఎవరో ఒకరికి నలతగా ఉంటూనే ఉంటుంది. పైగా ఆధ్యాత్మిక కారుణ్య క్రియల్లో, అంటే ఒంటికి కాక మనసుకు, ఆత్మకు సాయపడే పనుల్లో, మూడు దీనితో కలిసే వస్తాయి: దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడం, ఎదుటివారి విసుగును ఓర్చుకోవడం, బతికున్నవారి కోసం ప్రార్థించడం.

పాఠం మొదలుపెట్టే ముందు 36వ వచనాన్ని పిల్లలతో కలిసి చదవండి. రోగిగా ఉన్నప్పుడు నన్ను బాగుచేశారని ప్రభువు అనలేదు, చూడటానికి వచ్చారన్నాడు. బాగుచేయడం పిల్లల పని కాదని, వెళ్లడం, చూడటం, అవసరాన్ని గమనించడమే వాళ్ల పని అని ఈ ఒక్క వచనంతో తేల్చి చెప్పొచ్చు. ఆ మాట చెవిన పడగానే సగం బెరుకు పోతుంది.

మొదటి మెట్టు: మంచం మీద పది నిమిషాలు

పరామర్శకు వెళ్లడానికి కనీసం రెండు రోజుల ముందు ఇంట్లో ఈ సాధన చేయించండి. పిల్లవాణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. 10 నిమిషాల పాటు లేవకూడదు, పక్కకు కూడా తిరగకూడదు. ఈలోపు మీరు నాలుగు పనులు చేయండి. నీళ్ల గ్లాసు చేయి చాచినా జానెడు దూరంలో ఉండేలా పెట్టండి. కళ్లలో పడేలా లైటు వేయండి. మంచం అంచున ధబీమని కూర్చోండి. చివరికి తల దగ్గర నిలబడి, పైనుంచి వంగి, గట్టిగా "ఎలా ఉంది?" అని అడగండి.

తర్వాత లేపి, ఏది ఇబ్బందిగా ఉందో వాడినే చెప్పనివ్వండి, మీరు అందించకండి. గ్లాసు అందలేదనీ, లైటు గుచ్చుకుందనీ, మంచం ఊగిందనీ, మీ ముఖం మీద పడినట్టుందనీ పిల్లలు తమంతట తామే చెబుతారు. ఆ నాలుగూ వాడి మాటల్లోనే ఒక కాగితం మీద రాయించండి. రోగి గదిలో కళ్లు వెతకాల్సినవి అవే. పదేళ్లు దాటిన పిల్లలతో ఇదే సాధన 20 నిమిషాలు చేయించొచ్చు. ఐదేళ్లలోపు వారికి 3 నిమిషాలు చాలు. అంతకు మించితే ఆటగా మారిపోతుంది.

రెండో మెట్టు: అడిగి వెళ్లడం

చెప్పాపెట్టకుండా వెళ్లడం పరామర్శ కాదు. ఫోన్ చేసి రోగిని చూసుకుంటున్నవారిని మూడు ప్రశ్నలు అడగండి: పిల్లలు రావచ్చా, ఏ సమయం అనుకూలం, ఏమైనా తేవాలా. ఫోన్‌లో ఈ మూడూ పిల్లవాడే అడిగితే మరీ మంచిది. రోగి రావద్దంటే ఎందుకని గుచ్చి గుచ్చి అడగకూడదని కూడా ముందే చెప్పండి. వద్దనే హక్కు రోగికి ఉంది.

కొన్ని రోజులు అసలు వెళ్లనే కూడదు. పిల్లవాడికి జ్వరం, దగ్గు, జలుబు ఉంటే పరామర్శ ఆగిపోవాల్సిందే. వాంతులు, విరేచనాలు అయితే అవి పూర్తిగా తగ్గాక కూడా 48 గంటలు ఆగాలి. కీమోథెరపీ జరుగుతున్నవారికి, అవయవ మార్పిడి అయినవారికి రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉంటుంది. పిల్లల్లో మామూలు జలుబుగా పోయేదే వాళ్లకు ప్రాణం మీదికి తేవచ్చు. అలాంటి చోటికి పూలు, మట్టి ఉన్న కుండీలు కూడా తీసుకెళ్లకండి. ఆసుపత్రి అయితే పిల్లలకు వయసు నిబంధన ఉందేమో ముందే కనుక్కోండి. ఎత్తుకుని వెళ్లి గుమ్మం దగ్గర వెనక్కి తిప్పి పంపించుకుంటే పిల్లల మనసు చిన్నబోతుంది.

మూడో మెట్టు: ఏం కనబడబోతోందో చెప్పడం

దారిలో కాదు, ఇంట్లోనే కూర్చోబెట్టి చెప్పండి. "ముక్కులో సన్నటి గొట్టం ఉంటుంది, ఊపిరి తేలిగ్గా ఆడటానికి. చేతికి సూది ఉంటుంది, మందు లోపలికి వెళ్లడానికి. జుట్టు రాలిపోయింది, అది మందు వల్ల." ఇలా కనబడేది ఒకటి, దాని పని ఒకటి, అంతే. గదిలో మందుల వాసన, మూత్రం వాసన ఉండొచ్చని కూడా దాచకుండా చెప్పండి. ముక్కు మూసుకోవడం ఎందుకు బాధపెడుతుందో అప్పుడే మాట్లాడుకోవచ్చు. "ఏమీ లేదు, భయపడకు" అనడం వల్ల ఉపయోగం లేదు. లోపలికి వెళ్లగానే ఏదో ఉందని పిల్లవాడికి కనబడుతుంది, అప్పుడు భయం రెట్టింపవుతుంది.

నొప్పి మనిషి గొంతును కరకుగా మారుస్తుందనీ, రోగి కసిరితే అది తన మీద కోపం కాదనీ చెప్పండి. ఓర్చుకోవడం అనే ఆధ్యాత్మిక క్రియను పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. కానీ ముందే చెప్పి ఉండాలి. కసిరించుకున్న తర్వాత చెబితే అది సర్దిచెప్పడమే అవుతుంది.

ఇన్ని చెప్పాక కూడా పిల్లవాడు రానంటే బలవంతం వద్దు. గుమ్మం దాకా వచ్చి చెయ్యి ఊపినా అది పరామర్శే. రెండోసారి ఒక అడుగు లోపలికి వేస్తాడు.

నాలుగో మెట్టు: గదిలో

ఇంటికి వెళ్లి చూస్తే 15 నిమిషాలు, ఆసుపత్రిలో 10 నిమిషాలు చాలు. రోగి కళ్లు మూతలు పడుతున్నా, మాట తగ్గినా అంతకంటే ముందే లేవాలి. లోపలికి వెళ్లే ముందు, బయటికి వచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగాలి. విరేచనాల జబ్బు ఉన్నచోట శానిటైజర్ సరిపోదు, సబ్బూ నీళ్లే కావాలి.

మంచం మీద కూర్చోకూడదు. కుర్చీ దగ్గరకు లాక్కుని, ముఖం రోగి ముఖానికి సమానమైన ఎత్తులో ఉండేలా కూర్చోవాలి. తనెవరో పేరు చెప్పాలి, తెలిసినవారైనా సరే. మందుల మత్తులో ముఖాలు పోల్చుకోవడం కష్టం. తర్వాత రాసుకున్న కాగితాన్ని గుర్తు చేసుకుని ఒకసారి చుట్టూ చూడాలి: గ్లాసు అందుతోందా, లైటు కళ్లలో పడుతోందా, దుప్పటి జారిందా. కనబడింది కదా అని వెంటనే సర్దేయకూడదు, అడగాలి. మార్కు సువార్త 10వ అధ్యాయంలో బర్తిమయి గుడ్డివాడని అందరికీ తెలుసు. అయినా యేసు, నీకేం చేయాలని అతన్నే అడిగాడు. ఈ వచనం పిల్లలకు కంఠతా వస్తే "ఈ గ్లాసు దగ్గరికి జరపమంటారా?" అనే ప్రశ్న దానంతట అదే నోటికి వస్తుంది.

మాటలు అయిపోయాక వచ్చే మౌనమంటే పిల్లలకంటే పెద్దలకే భయం. బైబిల్లో ఘోరమైన కష్టాలు, జబ్బు అనుభవించిన యోబు స్నేహితుల గురించి చెప్పండి. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి, నీ పాపం వల్లే ఇదంతా అని మొదలుపెట్టాకే చెడింది. పిల్లవాడు రెండు నిమిషాలు ఊరికే కూర్చోగలిగితే చాలా నేర్చుకున్నట్టే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. రోగి ఎంత దగ్గరివారైనా, ఎంత మంచివారైనా, పిల్లవాణ్ణి తలుపు మూసిన గదిలో ఒంటరిగా వదలకండి. మీకు కనబడే దూరంలోనే ఉండాలి.

నీళ్లు తాగించడం

పదేళ్లు దాటిన పిల్లలకు ఇది ప్రత్యేకంగా నేర్పండి. ముందు మీకు తాగించి సాధన చేయాలి. రోగికి ఇచ్చే ముందు చూసుకునేవారిని "ఇవ్వొచ్చా?" అని అడగడం మొదటి నియమం. ఆపరేషన్‌కు ముందు ఏమీ తాగకూడదు, కొందరు కిడ్నీ, గుండె రోగులకు రోజుకు ఇన్నే నీళ్లని కొలత ఉంటుంది, పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టం కావచ్చు.

ఇవ్వొచ్చంటే, పెద్దవాళ్ల సాయంతో వీపు వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకున్నవారి నోట్లో నీళ్లు పోయకూడదు. గ్లాసు ముప్పావు వంతు నింపాలి, సగానికి తగ్గగానే మళ్లీ నింపాలి. నీళ్లు అడుగుకు చేరిన గ్లాసుతో తాగాలంటే తల వెనక్కి వంచాల్సి వస్తుంది, అప్పుడు నీళ్లు ఊపిరితిత్తుల దారి పట్టవచ్చు. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. చిన్న గుక్క పట్టించి, గొంతు కదలిందో లేదో చూసి, తర్వాతే రెండో గుక్క. దగ్గు వచ్చినా, గొంతులో గరగర వినిపించినా ఆపి వెంటనే పెద్దవాళ్లను పిలవాలి. చివర్లో శుభ్రమైన గుడ్డతో పెదవులు అద్దాలి, రుద్దకూడదు. పెదవులు ఎండి పగిలి ఉంటాయి.

ప్రార్థన

"మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడిగాకే చేయాలి. అవునంటే ఒక్క నిమిషం, మూడే వాక్యాలు: ఈ మనిషి పేరు చెప్పి దేవునికి కృతజ్ఞత, నొప్పి తగ్గాలని వేడుకోలు, నీ చిత్తానికి అప్పగిస్తున్నామని ముగింపు. ఆ తర్వాత అందరూ కలిసి పరలోక ప్రార్థన. వద్దంటే, లేదా వారిది వేరే విశ్వాసమైతే, ఇంటికి వచ్చి ప్రార్థించుకోవాలి. మంచంలో ఉన్న మనిషి లేచి వెళ్లలేడు. వద్దని చెప్పడానికి మొహమాటపడేవారి మీద ప్రార్థన రుద్దడం కారుణ్యం కాదు.

"దేవుడు తప్పకుండా బాగుచేస్తాడు" అని పిల్లల చేత మాట ఇప్పించకండి. ఆ మనిషి చనిపోతే రోగి కుటుంబంతో పాటు పిల్లవాడి విశ్వాసం కూడా దెబ్బతింటుంది. జబ్బు పాపానికి శిక్ష అనే ఆలోచన ఏ మూలనున్నా యోహాను సువార్త 9వ అధ్యాయం మొదటి మూడు వచనాలు చదివి తీసేయండి. జబ్బు తీవ్రమైతే సంఘ పెద్దలను పిలిపించమని యాకోబు పత్రిక 5:14 చెబుతోంది. కథోలిక కుటుంబాల్లో తైలాభ్యంగనం (రోగికి నూనె రాసి చేసే ప్రార్థన) కోసం చర్చి గురువును పిలిచే పని ఇదే. ఫోన్ చేయాల్సిన నంబరు ఎక్కడుందో పెద్ద పిల్లలకు తెలిసి ఉండాలి.

ఎక్కువగా చెడేది ఇక్కడ

రోగితో ఫొటో. దయచేసి వద్దు. మత్తయి 6వ అధ్యాయంలో ధర్మం రహస్యంగా చేయమన్నాడు. 25వ అధ్యాయంలోనైతే నీతిమంతులకు తాము ప్రభువుకు చేశామన్న సంగతే తెలియదు. పరామర్శకు మార్కులు, నక్షత్రాలు, చాక్లెట్లు పెట్టినా ఇదే నష్టం: రెండు వారాల్లో పిల్లవాడి కన్ను రోగి మీద నుంచి పట్టిక మీదికి వెళ్లిపోతుంది.

రెండోది, పెద్దవాళ్ల మాటలు. ఇదే జబ్బుతో పోయిన బంధువుల కథలు, తెలిసిన వైద్యాలు రోగి ముందు ఏకరువు పెడితే, పిల్లలు నేర్చుకునేది అదే.

మూడోది, ఒక్కసారితో ఆపేయడం. యేసు చెప్పిన కథలో, దారిలో గాయపడి పడి ఉన్న మనిషిని సత్రంలో చేర్చిన సమరయుడు సత్రం యజమానికి 2 దేనారాలు ఇచ్చాడు, అంటే రెండు రోజుల కూలి. అంతటితో వదల్లేదు, తిరిగి వచ్చినప్పుడు మిగతాది ఇస్తానన్నాడు. మొదటి వారం ఇంటి నిండా జనం ఉంటారు, నెల తిరిగేసరికి ఎవరూ ఉండరు. రెండో పరామర్శ తేదీని ఇంటికి రాగానే క్యాలెండర్‌లో పిల్లవాడి చేతే రాయించండి.

వెళ్లలేని రోజుల కోసం కార్డు

మందపాటి తెల్ల కాగితాన్ని సగానికి మడిస్తే పక్కబల్ల మీద దానంతట అది నిలబడుతుంది. అక్షరాలు సెంటీమీటరు ఎత్తుకు తగ్గకుండా, నల్ల రంగుతో రాయాలి. పడుకుని చూసేవారికి, వయసు పైబడినవారికి లేత రంగులు కనబడవు. బాగుపడే అవకాశం లేని రోగికి "త్వరగా కోలుకోండి" అని రాయకూడదు. "మిమ్మల్ని రోజూ రాత్రి ప్రార్థనలో తలచుకుంటున్నాను" అని రాయొచ్చు, రాస్తే తలచుకోవాలి. లోపల పిల్లవాడి పేరు తప్పనిసరి.

ఈ వారం సాధన

సోమవారం మంచం సాధన. బుధవారం ఫోన్. శని, ఆదివారాల్లో ఒక పరామర్శ, అది కుదరకపోతే ఒక కార్డు. ఐదేళ్లలోపు పిల్లలకు బొమ్మ గీయడం, పేరు చెప్పి పలకరించడం వరకే. 6 నుంచి 9 ఏళ్లవారికి గదిని గమనించి ఒక్క ప్రశ్న అడగడం. ఆపైవారికి నీళ్లు తాగించడం, ప్రార్థన. పదమూడు దాటినవారిని రోగిని చూసుకుంటున్న మనిషి వైపు కూడా చూడమనండి. రాత్రిళ్లు నిద్రలేనిది వాళ్లకే. బయటి పని ఒకటి చేసిపెడితే ఆ ఇంటికి అదే పెద్ద సాయం. తిరిగి వచ్చాక పిల్లల్ని ఒకే ప్రశ్న అడగండి: "అక్కడ నీకేం కనబడింది?"

నాలుగో పాఠం బట్టలు లేనివారికి బట్టలివ్వడం గురించి. దానికి ముందు పిల్లల బట్టలన్నీ ఒకచోట కుప్ప పోసి ఉంచండి. పొట్టివైనవి, చిరిగినవి, ఇంకా ఇష్టంగా వేసుకుంటున్నవి వేరు చేయకండి, ఆ పని పాఠంలో పిల్లలు చేస్తారు.