స్విచ్చర్ పెట్టగానే తెర నల్లబడుతోందా? హెచ్‌డీసీపీ సమస్య - పరిష్కారం

అనంతపురం కల్యాణ మండపాల్లోనూ కాలేజీ సెమినార్ హాళ్లలోనూ వీడియో స్విచ్చర్లు (పలు పరికరాల బొమ్మల్లో కావలసినదాన్ని ఎంచి తెరలకు పంపే పెట్టెలు) బిగించే నాకు తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది: సెట్‌టాప్ బాక్సును ప్రొజెక్టరుకు నేరుగా కలిపితే బొమ్మ వస్తుంది, మధ్యలో స్విచ్చర్ పెడితే తెర నల్లబడుతుంది. స్విచ్చర్ చెడిపోయిందనుకుని కొత్తది కొంటారు. ఆ ఖర్చు చాలాసార్లు వృథా.

దీనికి కారణం సాధారణంగా హెచ్‌డీసీపీ. ఇంటెల్ రూపొందించిన ఈ కాపీ ప్రొటెక్షన్ పద్ధతిలో, బొమ్మ పంపే పరికరం అందుకునే పరికరం దగ్గర సరైన కీ ఉందని తేల్చుకున్నాకే ఎన్‌క్రిప్ట్ చేసిన బొమ్మను వదులుతుంది. స్విచ్చర్ రిపీటరుగా, అంటే బొమ్మను అందుకుని ముందుకు పంపేదిగా పనిచేస్తుంది కనుక, తన వెనుక ఉన్న తెరలన్నిటి వివరాన్నీ సోర్సుకు, అంటే బొమ్మ పంపే పరికరానికి, స్విచ్చరే అప్పజెప్పాలి. వాటిలో ఒక్క పాత మానిటర్‌కు హెచ్‌డీసీపీ లేకపోయినా, కొన్ని స్విచ్చర్లలో మిగతా తెరలకూ బొమ్మ ఆగిపోతుంది. అందుకే అవుట్‌పుట్లన్నీ తీసేసి, ఒక్కొక్కటిగా తిరిగి కలుపుతూ పోవాలి. ఏది కలిపినప్పుడు తెర నల్లబడిందో దోషం అక్కడే ఉంది.

కరెంటు పోయి జనరేటర్ అందుకున్నాక మాత్రమే బొమ్మ రాకపోతే, అన్నీ ఒకేసారి ఆన్ అయి, ప్రొజెక్టర్ సిద్ధం కాకముందే సోర్సు తన కీ విచారణ ముగించి ఉంటుంది. ముందు ప్రొజెక్టర్, తర్వాత స్విచ్చర్, చివరగా సోర్సు ఆన్ చేస్తే సరిపోతుంది.

4కే బాక్సు బొమ్మ 1080పీకి దిగిపోయినా, అసలే రాకపోయినా హెచ్‌డీసీపీ వెర్షన్ చూడాలి. 2.2 తప్పనిసరి చేసిన కంటెంట్ 1.4 స్విచ్చర్ గుండా 4కేలో పోదు. ఇది చాలావరకు హార్డ్‌వేర్ పరిమితి కనుక 2.2 ఉన్న స్విచ్చరే కొనాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. అధ్యాపకుడు తాను స్వయంగా తయారుచేసుకున్న పాఠాన్ని రికార్డు చేయబోతే రికార్డర్‌లో నల్లతెర పడుతుంది. అవతలి పరికరం హెచ్‌డీసీపీకి సరేనన్న వెంటనే కొన్ని ల్యాప్‌టాప్‌లు, ముఖ్యంగా ఆపిల్‌వి, ఏ బొమ్మకైనా ఎన్‌క్రిప్షన్ వేసేస్తాయి. ప్రొఫెషనల్ స్విచ్చర్లలో ఆ ఇన్‌పుట్‌కు హెచ్‌డీసీపీ ఆఫ్ చేసే సెట్టింగు ఉంటుంది; అది మార్చితే సొంత పాఠం రికార్డవుతుంది, రక్షణ ఉన్న సినిమా మాత్రం రాదు, రాకూడదు కూడా. ఈ పని కోసం రక్షణను తొలగించే చవక డబ్బాలు పెట్టించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను: హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదించడం, 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్షకు తగిన నేరం.

బొమ్మ కొన్ని క్షణాలకోసారి పోయి వస్తుంటే కేబుల్‌ను అనుమానించండి. హెచ్‌డీసీపీ 1.4లో సుమారు 2 సెకన్లకోసారి తనిఖీ జరుగుతుంది. పరికరాల మధ్య ఆ సంభాషణ నడిచే హెచ్‌డీఎంఐ 15, 16 పిన్‌ల సంకేతం పొడవాటి కేబుల్‌లో బలహీనపడితే తనిఖీ తప్పుతుంది. రెండు మీటర్ల మంచి కేబుల్‌తో పరీక్షించండి. దానితో బొమ్మ నిలబడితే, వేదిక నుంచి ప్రొజెక్టర్ వరకు హెచ్‌డీసీపీని దాటించే ఎక్స్‌టెండర్ వేయించుకోండి.