పేర్లు, నంబర్లు దాచి ఫైల్ పంపాలంటే

ఒప్పంద పత్రమో, మెడికల్ రిపోర్టో ఎవరికైనా చూపించి సలహా అడగాలంటే, అందులోని పేర్లూ ఫోన్ నంబర్లూ ఒక్కొక్కటే వెతికి చెరపడం పెద్ద తలనొప్పి. మొన్న 12 పేజీల పీడీఎఫ్‌తో నాకూ ఇదే పరిస్థితి. పేర్లూ నంబర్లూ తానే వెతికి దాచేసే ఆన్‌లైన్ టూల్‌తో పావుగంటలో తేలిపోయింది.

ఫైల్‌ని సర్వర్‌కు పంపకుండా బ్రౌజర్‌లోనే పనిచేసే టూల్ ఎంచుకోండి. పేజీ పూర్తిగా లోడయ్యాక నెట్ ఆపేసి, ఒక ఉత్తుత్తి ఫైల్ ఇచ్చి చూడండి. అప్పుడూ పనిచేస్తే, అసలు ఫైల్ కూడా నెట్ ఆపి ఉండగానే చేయండి. సేవ్ చేసుకుని, ట్యాబ్ మూసేశాకే నెట్ ఆన్ చేయండి.

పేర్లను నల్లగా కొట్టేసే బదులు ‘వ్యక్తి-1’, ‘వ్యక్తి-2’ అని మార్చడం మేలు. ఎవరు ఎవరికి డబ్బు ఇవ్వాలో చదివేవాళ్లకు తెలుస్తుంది.

పంపే ముందు ఇది మాత్రం మరవకండి: ఫైల్ మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. నల్ల పెట్టె కింద అక్షరాలు మిగిలి ఉంటే అక్కడ బయటపడతాయి. నేను మొదట వాడిన టూల్‌లో ఖాతా నంబరు మొత్తం అలాగే వచ్చేసింది, గుండె జారిపోయింది! ఫైల్ పేరు, ప్రాపర్టీస్‌లో ఉండే రచయిత పేరు కూడా చూసుకోండి.

స్కాన్ చేసిన పేజీలు, చేతిరాత, సంతకాల దగ్గర మాత్రం టూల్‌ని నమ్మకండి. వెన్నెల, జ్యోతి లాంటి మామూలు మాటలే పేర్లయితే టూల్ వదిలేయవచ్చు. అందుకే చివరిసారి ప్రతి పేజీ మీరే కళ్లారా చదవండి.