లండన్‌లో డి.ఎల్.ఆర్. రైలు ఎక్కేవారికి

తూర్పు లండన్‌లో 1987లో మొదలైన డాక్‌లాండ్స్ లైట్ రైల్వే (డి.ఎల్.ఆర్.)ను 2014 డిసెంబరు నుంచి ఫ్రాన్స్‌కు చెందిన కియోలిస్ సంస్థ బ్రిటన్‌లోని ‘ఏమీ’ (Amey) అనే సంస్థతో కలిసి నడుపుతోంది. అయితే ఛార్జీలు వసూలు చేసేది నగర రవాణా సంస్థ అయిన ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ కనుక, డబ్బు ఎక్కువ పడితే వారినే అడగాలి.

అసలు జాగ్రత్త కార్డు విషయంలోనే కావాలి. చాలా స్టేషన్లలో గేట్లు ఉండవు. అడ్డేమీ లేదు కదా అని నేరుగా ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళిపోకుండా, ఎక్కేముందూ దిగిన తరువాతా పసుపురంగు రీడరుకు ఆయిస్టర్ కార్డునో (ముందుగా డబ్బు వేసుకుని వాడే లండన్ ప్రయాణ కార్డు) బ్యాంకు కార్డునో తప్పక తాకించాలి. ఒక్కసారి మరిచినా గరిష్ఠ ఛార్జీ పడవచ్చు. ఎక్కేటప్పుడు ఫోనూ దిగేటప్పుడు కార్డూ వాడితే, రెండింటి ఖాతా ఒకటే అయినా, వాటిని రెండు అసంపూర్ణ ప్రయాణాలుగా లెక్కిస్తారు.

ముందు డ్రైవరు కనిపించలేదని కంగారుపడనక్కరలేదు. రైళ్ళు స్వయంచాలకంగా నడుస్తాయి; తలుపులు చూసుకునే ఉద్యోగి లోపలే ఉంటారు, సందేహముంటే వారిని అడగవచ్చు.