మధ్యలో ఆగిన పాలియేటివ్ కేర్ శిక్షణను పూర్తి చేయడం ఎలా

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక, పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులున్నవారి నొప్పిని, బాధను తగ్గించే సంరక్షణ) శిక్షణలో ఉన్న నాలాంటి నర్సులకు పాఠాలు ఆన్‌లైన్‌లో సాగాయి గానీ, రోగి మంచం దగ్గర నేర్చుకోవలసిన రోజులు మాత్రం వాయిదా పడుతూ వచ్చాయి. మీ శిక్షణ కూడా అక్కడే ఆగి ఉంటే, ముందుగా కోర్సు సమన్వయకర్తకు లేఖ రాయండి. హాజరైన తరగతులు, రాసిన పరీక్షలు, మిగిలిన ప్రాక్టికల్ రోజులు తేదీలతో సహా పేర్కొని, పాత మార్కులు ఇప్పటికీ చెల్లుతాయా అని అడగండి. జవాబు రాతపూర్వకంగానే తీసుకోండి. నాకు ఫోన్‌లో మాట ఇచ్చినవారు బదిలీ కావడంతో, ఒక పరీక్షను మళ్లీ రాయవలసి వచ్చింది.

ప్రాక్టికల్ రోజులను ఆన్‌లైన్ తరగతులతో సరిపెట్టుకోవద్దు, సంస్థ ఒప్పుకున్నా సరే. 2020 మార్చిలోనే వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం) కిందికి వచ్చే మందులను ఫోన్‌లోగాని వీడియోలోగాని రాయకూడదు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ కూడా వాటిలో ఒకటి. అందువల్ల దాని వాడకం గురించి తెర మీద నేర్చుకోగలిగింది తక్కువ. సాధారణ మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకొకసారి ఇవ్వాలని, దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఉండాలని అందరం చదువుకుంటాం. హోమ్ కేర్ బృందంతో వెళ్లిన ఒక ఇంట్లో, చదువు రాని ఇల్లాలి కోసం మా సీనియర్ సిస్టర్ గారు మాత్రలను పొట్లాలు కట్టి, పగటివాటి మీద సూర్యుణ్ణి, రాత్రివాటి మీద చందమామను గీసి ఇచ్చారు. ఆమె వాటిని పోపుల డబ్బా పక్కన వరుసగా పేర్చుకోవడం చూశాకే ఆ పాఠం నాకు పూర్తిగా అర్థమైంది.

మీ కోర్సు అనుమతిస్తే ప్రాక్టికల్స్‌ను వేరే కేంద్రంలో చేయవచ్చు. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, తిరువనంతపురంలోని పాలియం ఇండియా, కోళికోడ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలియేటివ్ మెడిసిన్ ఈ రంగంలో శిక్షణ ఇచ్చే సంస్థలే. ఎక్కడికి వెళ్లినా అక్కడ మార్ఫిన్ అందుబాటులో ఉందో లేదో ముందే కనుక్కోండి. 2014లో ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించాక ఆసుపత్రులు అందుకు గుర్తింపు పొందడం మునుపటికంటే సులువైంది.

సెలవును వీలైనంతవరకు ఒకే విడతలో పెట్టండి. విడివిడిగా ఆదివారాలు వెళితే, సోమవారం మోతాదు పెంచిన రోగికి గురువారం ఎలా ఉందో మీకు తెలియదు. నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత ఉందో మందుకు ముందూ తర్వాతా రోగినే అడిగి లాగ్‌బుక్‌లో రాసుకోండి. ఏ రోజు సంతకాన్ని ఆ రోజే, వార్డు నుంచి బయటికి వచ్చేలోపు పెట్టించుకోండి. పుస్తకాన్ని సమర్పించే ముందు ప్రతి పేజీకి నకలు తీసి దగ్గర ఉంచుకోండి.