కిట్ కార్‌లో మీటర్లు బిగించే ముందు ఎర్త్ చూసుకోండి

కోబ్రా రెప్లికా (పాత కోబ్రా స్పోర్ట్స్ కారు నకలు) లాంటి ఫైబర్‌గ్లాస్ బాడీ కిట్ కార్, అంటే విడిభాగాల సెట్ కొని బిగించుకునే కారు, సొంతంగా కట్టుకుంటున్నారా? డ్యాష్‌బోర్డ్ మూసే ముందే ప్రతి మీటరుకూ విడిగా ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి) లాగండి. అన్నిటినీ ఒక బోల్టు దగ్గర కలిపి, అక్కడి నుంచి మందపాటి వైరుతో ఛాసిస్‌కి ఇవ్వండి. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. ఇనుప బాడీలో లాగా స్క్రూ బిగిస్తే ఎర్త్ దొరుకుతుందనుకోవద్దు.

ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్య కూడా మంచి ఎర్త్ స్ట్రాప్ ఉండాలి. ఒకే టెర్మినల్ ఉన్న టెంపరేచర్ సెండర్‌కి (ఇంజన్ వేడిని మీటరుకి తెలిపే సెన్సర్) దాని మర చుట్ల (థ్రెడ్‌ల) ద్వారానే ఎర్త్ అందుతుంది కాబట్టి వాటికి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టకండి. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు కదిలితే రేడియేటర్ గురించి టెన్షన్ పడకుండా ముందు ఎర్త్ చూడండి.

పెట్రోల్ మీటరు, ట్యాంకు సెండర్ (ట్యాంకులో పెట్రోల్ ఎంత ఉందో మీటరుకి తెలిపేది) మాత్రం జతగానే కొనండి. వీడీఓ కంపెనీ సెండర్లలో ఎక్కువగా వాడే రకం ట్యాంకు ఖాళీగా ఉంటే సుమారు 10 ఓమ్‌ల రెసిస్టెన్స్, నిండితే 180 చూపిస్తుంది. అమెరికన్ రకం దీనికి తిరగబడి, 240 నుంచి 33కి దిగుతుంది. సెండర్‌ని ట్యాంకులోకి దించే ముందే ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలే భాగం) ఎత్తి దించుతూ మల్టీమీటర్‌తో కొలవండి.