పెరటి కోడిపిల్లల పెంపకం – 3వ భాగం: చిన్న పిల్ల వేరు, చిక్కిన పిల్ల వేరు

పోయిన భాగంలో గుడ్లు ఏరి పొదుగు పెట్టడం, 21వ రోజున పిల్లలు బయటికి రావడం దాకా చూశాం. ఈ భాగంలో మొదటి మూడు వారాల సంగతి. పిల్లలు ఎక్కువగా పోయేది ఈ రోజుల్లోనే. అందులో చాలావరకు మన చేతిలో ఉన్నదే.

మన అనంతపురం పల్లెల్లో చాలా పెరళ్లలో ఇప్పుడు కలిసిన మందలే కనిపిస్తాయి. నాటుపెట్టలు నాలుగు, వనరాజా, గ్రామప్రియ పెట్టలు రెండు మూడు, వాటి మధ్య అసీల్ (పందెం కోడి జాతి) రక్తం ఉన్న ఒక పుంజు. వనరాజా, గ్రామప్రియలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. అవి గుడ్లు బాగా పెడతాయి గానీ పొదుగు మీద కుదురుగా కూర్చోవడం తక్కువ. అందుకే వాటి గుడ్లు కూడా నాటుపెట్ట కిందే పెడతాం. చివరికి ఒకే గంప కింద పది పిల్లలుంటే పదీ పది తీరులుగా ఉంటాయి.

ఈ తేడా మొదటి రోజే మొదలవుతుంది. పుట్టిన పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. 40 గ్రాముల నాటుగుడ్డు నుంచి 27 గ్రాముల పిల్ల వస్తే, 54 గ్రాముల గుడ్డు నుంచి 36 గ్రాముల పిల్ల వస్తుంది. రెండో వారానికి ఒకటి ఇంకోదాని పక్కన మరీ నలుసుగా కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు చూసి, "ఇది బతకదులే" అనేస్తారు. అక్కడ తొందరపడొద్దు. నాటు రక్తం ఎక్కువున్న పిల్ల నెమ్మదిగానే పెరుగుతుంది, గట్టిగానే బతుకుతుంది. మనం కనిపెట్టాల్సింది చిన్న పిల్లను కాదు, చిక్కిపోతున్న పిల్లను. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి, చేతికి మాత్రం తేడా తెలిసిపోతుంది.

సాయంత్రం గంప మూసే ముందు ఒక్కో పిల్లను అరచేతిలో నిలబెట్టుకోండి. మెడ మొదట్లో, ఎద పైన, కొంచెం కుడివైపుగా మేత సంచి ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలితో మెల్లగా తడమండి. కడుపునిండా తిని నీళ్లు తాగిన పిల్లకు అది తడిపిన పిండిముద్దలా మెత్తగా నిండుగా తగులుతుంది. లోపల గింజలు గింజలుగా గట్టిగా తగిలితే తిన్నది గానీ నీళ్లు చాల్లేదు. వదులుగా, ఖాళీగా ఉంటే ఆ పిల్లకు మేత అందలేదని అర్థం. తర్వాత వేలిని ఎద ఎముక మీద జరపండి. ఎముకకు రెండు పక్కలా కండ తగిలితే అది చిన్న పిల్లే, భయం లేదు. ఎముక అంచు పదునుగా పైకి తేలితే చిక్కుతోంది. చివరగా వెనకభాగం చూడండి. రెట్ట అంటుకుని ఎండిపోయి దారి మూసుకుంటే పిల్ల పోతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో నానబెట్టి తుడవండి, పీకొద్దు.

పది పిల్లలకు ఈ పని పది నిమిషాలు కూడా పట్టదు. ఏ మందు కన్నా ఇదే ఎక్కువ పిల్లల్ని కాపాడుతుందని నా నమ్మకం.

మేత అందని పిల్లకు మందు అక్కర్లేదు, చోటు కావాలి. పెద్దవి పళ్లెం దగ్గర కాపలా కాసినట్టు నిలబడి చిన్నవాటిని పొడుస్తాయి. ఒకే పళ్లెం పెట్టకుండా మూడు చోట్ల పెట్టండి. ఇంకో ఉపాయం, పాత గంపకు చిన్న పిల్ల మాత్రం దూరేంత కంత చేసి బోర్లించి, మేత లోపల పెట్టడం. తల్లి దూరలేదు, పెద్ద పిల్లలూ దూరలేవు. నలుసు పిల్లలు నింపాదిగా తింటాయి.

ఇక మేత. పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి మొదటి రోజు మేత కోసం టెన్షన్ పడొద్దు. ముందు కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం బెల్లం కలిపి తాగించండి. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునగవు. తర్వాత కొర్ర నూక, జొన్న నూక, రాగులు. అయితే వీటిలో మాంసకృత్తులు 12 శాతానికి మించవు, పిల్లకు కావాల్సింది 20 శాతం దాకా. ఆ లోటు తీర్చడానికి మన జిల్లాలో అందరికీ ముందు గుర్తొచ్చేది శనక్కాయ చెక్క. వాడొచ్చు, కానీ వాసన చూసి వాడండి. బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉడకబెట్టినా అది పోదు. అనుమానం ఉంటే పారేయండి, అంగట్లో దొరికే చిక్ స్టార్టర్ దాణా కలపండి.

ఖర్చు లేని దారి చెదలు. మట్టికుండలో ఎండు పేడ, జొన్న సొప్ప ముక్కలు, పాత గోనె గుడ్డ కుక్కి, నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదలున్న గట్టు మీద బోర్లించండి. తెల్లారి ఎత్తితే లోపలంతా చెదలే. పిల్లల ముందు దులపండి చాలు. పురుగుమందు కొట్టిన చేని గట్టు మీద మాత్రం పెట్టొద్దు.

వెచ్చదనానికి తల్లి ఉంటే ఇంకేమీ వద్దు. తల్లి లేకపోతే మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీలు ఉండాలి, ఆపై వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, పాత రకం తీగ బల్బే వేడినిస్తుంది. పిల్లలు బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగటిపూట బల్బు ఊసే వద్దు, నీడా గాలీ చూడండి.

కింద శనక్కాయ పొట్టు ఎండబెట్టి రెండు అంగుళాల మందాన పరవండి. ఉత్త పేపరు మీద కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. నీళ్లు ఒలికిన చోట పొట్టు ఆ పూటే మార్చాలి. మూడో వారం నుంచి రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సిడియోసిస్, తడి పొట్టులో పెరిగే రోగం. ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ని అడిగి ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలపండి.

టీకాల విషయంలో బద్ధకం పనికిరాదు. కొక్కెర తెగులు వచ్చిందంటే వీధి మొత్తం ఖాళీ అవుతుంది. 5 నుంచి 7 రోజుల మధ్య ఈ తెగులుకు లసోటా అనే టీకా, కంట్లో ఒక్క చుక్క. 14వ రోజు దగ్గర గంబోరో అనే రోగానికి టీకా. 28వ రోజు దగ్గర మళ్లీ లసోటా. ఒక్క సీసాలో కనీసం వంద పిల్లలకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. కాబట్టి చుట్టుపక్కల ఇళ్లవాళ్లతో ముందే మాట్లాడుకుని ఒకే సాయంత్రం అందరి పిల్లలకూ వేయించండి. ఫ్లాస్కులో ఐసు వేసి తెచ్చుకోవాలి. చేతిలో పట్టుకుని ఎండలో తెచ్చిన టీకా వేసినా వేయనట్టే.

వచ్చే భాగంలో నాలుగో వారం నుంచి పిల్లల్ని పెరట్లోకి వదలడం, గద్దల బెడద, పుంజుల్నీ పెట్టల్నీ వేరు చేయడం చూద్దాం. అప్పటికి రంగు దారాలు నాలుగైదు రకాలు తెచ్చుకుని, ఏ పిల్ల ఏ గుడ్డుదో గుర్తుంటే కాలికి వదులుగా కట్టి పెట్టండి. కాలు లావయ్యే కొద్దీ వారానికోసారి ఆ ముడి సడలించాలి.